కాయనివాడి ఆదాయం



సంక్రాంతికి కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళలో కోడిపందేల బరి చూడనివాళ్ళు తక్కువ. ఇటు మా ఆత్రేయపురం నుంచి అటు మురమళ్ళ దాకా కొబ్బరితోటల్లో టెంట్లు లేస్తాయి, ఫ్లడ్ లైట్లు వెలుగుతాయి. కోడికి కత్తి కట్టడం నేరమని పండగ ముందు వారమంతా పోలీసులు మైకు పెట్టి మరీ చెబుతారు. భోగి మధ్యాహ్నానికి ఆ మైకు ఏమవుతుందో నన్ను అడక్కండి. డేగ మీద కాయాలా, నెమలి మీద కాయాలా, ఈ పూట కాకికి గెలుపుందా అని కుక్కుట శాస్త్రం తిరగేసే పెద్దమనుషులు బరి చుట్టూ వందల్లో ఉంటారు. వాళ్ళ సంగతి మనకి తెలిసిందే. ఈసారి వెళ్తే ఆ గుంపులో ఇంకో మనిషిని వెతకండి. అతను ఏ పుంజు వైపూ మొగ్గడు. ఏ పుంజు నేలకూలినా అతని మొహంలో మార్పుండదు. పందెం తేలగానే గెలిచినవాడి దగ్గరికి వెళ్ళి, నూటికి ఇంతని లెక్కపెట్టి తీసుకుని సంచిలో వేసుకుంటాడు. వెంటనే తర్వాతి జోడీని పిలుస్తాడు.

క్యాసినో అంటే ఏమిటో తెలియాలంటే ఈ సంచి మనిషిని చూస్తే చాలు. మకావు అయినా, లాస్ వేగస్ అయినా, గోవా అయినా వ్యాపారం ఇదే.

చిన్న లెక్క చెబుతాను. ఇద్దరు స్నేహితులు చెరో పదివేలు పట్టుకుని బరికి వచ్చారు. ఒకరి మీద ఒకరు పందేనికి వెయ్యేసి కాస్తున్నారు. నిర్వాహకుడి కోత, పోగైన రెండు వేలలో నూటికి ఐదు, అంటే వంద రూపాయలు అనుకుందాం. రోజుకి 20 పందేలు, మూడు రోజులకి 60. సరిగ్గా ముప్ఫై ఇతను గెలిచాడు, ముప్ఫై అతను గెలిచాడు. ఎవరూ ఎవరికీ బాకీ లేరు. కానీ కనుమ సాయంత్రం జేబులు తడుముకుంటే చెరో ఏడు వేలే ఉన్నాయి. ఆరు వేలు సంచిలోకి వెళ్ళాయి. ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు, ఇద్దరూ నష్టపోయారు. సంతలో ఆశీలు వసూలు చేసేవాడి పద్ధతి కూడా ఇదేనండీ. మీ వంకాయలు అమ్ముడుపోయాయా, వాడిపోయాయా అతనికి అనవసరం. గంప దింపారా, ఆశీలు కట్టండి.

బరి పక్కనే గుండాట బోర్డు ఉంటుంది. నాకు కోళ్ళ కంటే ఆ బోర్డు దగ్గర నిలబడటమే ఇష్టం. లెక్కల మీద ఆసక్తి ఉన్నవాడికి అంత మంచి చోటు ఇంకోటి దొరకదు. గుడ్డ మీద ఆరు గడులు, గడికో బొమ్మ. డబ్బాలో పాచికలు వేసి గిలకరిస్తూ, కాయ్ రాజా కాయ్ అని కేక. పాచికల సంఖ్య, చెల్లింపుల పద్ధతి ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉంటాయి. మూడు పాచికల ఆట తీసుకుందాం. మీరు కాసిన బొమ్మ ఒక పాచిక మీద పడితే రూపాయికి రూపాయి లాభం, రెండింటి మీద పడితే రెండు, మూడింటి మీదా పడితే మూడు. ఒక్కటీ పడకపోతే మీ రూపాయి బోర్డువాడిది.

వింటే ధర్మంగానే ఉంటుంది. ఆరు బొమ్మలు, మూడు పాచికలు, సగానికి సగం అవకాశం, పైగా జంట పడితే రెండింతలు కూడానూ! అక్కడే ఉంది కిటుకు. ఆరు గడుల మీదా తలో రూపాయి ఉందనుకోండి. మూడు పాచికలూ మూడు వేరువేరు బొమ్మలు చూపిస్తే, మూడు గడులవాళ్ళు ఓడిపోయి మూడు రూపాయలు ఇస్తారు, మూడు గడులవాళ్ళు గెలిచి ఆ మూడూ పట్టుకుపోతారు. బోర్డువాడికి పైసా మిగలదు. ఇప్పుడు జంట పడింది. గెలిచింది రెండు గడులే. జంట బొమ్మవాడికి రెండు, ఒంటి బొమ్మవాడికి ఒకటి, మొత్తం మూడు ఇచ్చాడు. ఓడిన గడులు నాలుగు. రూపాయి మిగిలింది. మూడూ ఒకటే బొమ్మ పడితే ఇచ్చేది మూడు, వచ్చేది ఐదు. రెండు మిగిలాయి.

చూశారా, జంట పడ్డప్పుడల్లా జనం ఈలలు వేస్తారు. బోర్డువాడు మాత్రం ఇష్టం లేనట్టు మొహం పెట్టి రెండింతలు లెక్కపెడతాడు. నిజానికి అతను సంపాదించేది ఆ ఈలలప్పుడే. మూడు పాచికలు 216 రకాలుగా పడగలవు. అందులో 120 రకాల్లో అతనికి ఏమీ రాదు, 90 రకాల్లో రూపాయి, 6 రకాల్లో రెండు. మొత్తం 102 రూపాయలు. ఆ 216 సార్లలో ఆరు గడుల మీద కాసిన సొమ్ము 1,296. అంటే నూటికి దాదాపు ఎనిమిది. పాచికల్లో సీసం పొయ్యక్కర్లేదు, డబ్బా అడుగున అద్దం పెట్టక్కర్లేదు. ధర్మంగా ఆడించినా నూటికి ఎనిమిది వస్తున్నప్పుడు మోసం చేసేవాడు తెలివితక్కువవాడని నా అభిప్రాయం. అలాంటివాళ్ళూ ఉన్నారనుకోండి, అది వేరే విషయం.

క్యాసినోలవాళ్ళు ఇంత ఆశపడరు. రౌలెట్ చక్రం చూడండి. ఒకటి నుంచి ముప్ఫై ఆరు దాకా అంకెలు, ఒక సున్నా, మొత్తం 37 గదులు. మీ అంకె పడితే రూపాయికి 35 రూపాయల లాభం. అన్ని గదుల మీదా తలో రూపాయి పెడితే 37 పెట్టి 36 తీసుకుంటారు. చక్రం తిరిగిన ప్రతిసారీ 37లో ఒక రూపాయి ఇంటివాడిది, అంటే క్యాసినోది, నూటికి 2.7. అమెరికాలో ఎక్కువచోట్ల రెండు సున్నాలుంటాయి, అక్కడ నూటికి 5.26. ఒకే సున్నా చక్రాన్ని పేరులోకి తెచ్చింది ఫ్రాన్సువా బ్లాంక్, అతని సోదరుడు లూయీ. 1843లో జర్మనీలోని హోంబుర్గ్‌లో వాళ్ళు ఒక సున్నా తీసేశారు. పోటీదార్లు తీసుకునేదాంట్లో సగమే తీసుకుంటామన్నారు. జనం విరగబడి వచ్చారు. తరవాత అదే ఫ్రాన్సువా 1863లో మొనాకో వెళ్ళి మాంటెకార్లో క్యాసినోని నిలబెట్టాడు. ఆరేళ్ళు తిరక్కుండానే, 1869లో, అక్కడి రాజు ప్రజల మీద ఆదాయపన్ను ఎత్తేశాడు. కోత సగం తగ్గించినవాడు రాజ్యానికి పన్నే అవసరం లేకుండా చేశాడు.

ఎలాగంటారా? నూటికి 2.7 అనేది మీ జేబులో డబ్బు మీద కాదండి, మీరు కాసిన ప్రతి పందెం మీద. ఆటగాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ఒకాయన ఇరవై వేలు పట్టుకుని వెళ్ళాడు. ఎరుపు నలుపుల మీద అయిదొందలేసి కాస్తున్నాడు. గంటకి 40 సార్లు చక్రం తిరిగితే అయిదు గంటల్లో 200 పందేలు. జేబులో ఉన్నది ఇరవై వేలే అయినా, గెలుస్తూ ఓడుతూ ఆయన బల్ల మీద పెట్టిన సొమ్ము లక్ష రూపాయలు. లక్ష మీద 2.7 అంటే 2,700. ఇరవై వేలలో 2,700 అంటే నూటికి పదమూడున్నర! అందుకే క్యాసినోకి కావలసింది మీ డబ్బుకంటే ముందు మీ టైము. గోడ మీద గడియారం ఉండదు, కిటికీ ఉండదు అని అందరూ చెప్పే మాటే. నన్నడిగితే గడియారం కంటే డీలరు చేతివేగం ముఖ్యం. గంటకి నలభై పందేలు యాభై అయితే జీతం పెంచకుండానే ఆదాయం పాతిక శాతం పెరిగింది.

అయితే ఆ ఇరవై వేల మనిషి తప్పకుండా ఓడిపోతాడా? లేదు. అదే ఈ వ్యాపారంలో అందమైన భాగం. ఇలాంటి మనుషులు వెయ్యిమంది వస్తే అందులో మూడోవంతు మంది లాభంతోనే బయటికి వస్తారు. గెలిచినవాడు ఊరుకుంటాడా? కాలువగట్టు మీద టీ కొట్టు దగ్గర నెలరోజులు చెబుతాడు. ఓడిన ఆరువందల పైచిలుకు మంది నోరెత్తరు. మనకి వినిపించేవన్నీ గెలుపులే. ఇంటివాడి వైపు నుంచి చూస్తే, వెయ్యిమంది దగ్గరా కలిపి రావలసింది 27 లక్షలు. అదృష్టం ఎంత అటూ ఇటూ ఊగినా అది ఇరవై లక్షలకి తగ్గదు, ముప్ఫై నాలుగు దాటదు. ఒక్క మనిషికి జూదం, వెయ్యిమందిని కలిపితే నెలజీతం. గెలిచినాయన ఊరుకోక పదిసార్లు వెళ్ళాడా, పది రాత్రుల తర్వాత లాభంలో మిగిలేవాళ్ళు పదిమందిలో ఒకరు.

ఓడిన ప్రతిసారీ రెట్టింపు కాస్తే ఎప్పుడో ఒకప్పుడు రాకపోతుందా అని మనవాళ్ళకో నమ్మకం. అయిదొందలతో మొదలుపెట్టి ఎనిమిదిసార్లు వరసగా ఓడితే పోయింది 1,27,500. తొమ్మిదోసారి కాయాల్సింది 1,28,000, అదీ మొదట ఆశపడిన అయిదొందల కోసం! అప్పటికి బల్ల మీద రాసి ఉన్న గరిష్ఠ పరిమితి అడ్డం వస్తుంది. ఆ పరిమితి ఉన్నది అందుకే. ఎనిమిదిసార్లు వరసగా ఎందుకు ఓడతాం అంటారేమో. 1913 ఆగస్టు 18న మాంటెకార్లోలో నలుపు వరసగా 26 సార్లు పడింది. ఇక ఎరుపే ఇక ఎరుపే అంటూ కాసినవాళ్ళంతా మునిగిపోయారు. చక్రానికి వెనకటి పందెం గుర్తుండదు కదా.

మొన్నామధ్య మా మేనల్లుడితో గోవా వెళ్ళాను. పణజి రేవులో నిలబడి చూస్తే మాండవి నదిలో క్యాసినో ఓడలు దీపాలతో వెలిగిపోతూ ఉంటాయి. లొల్ల లాకుల దగ్గర పడవలు చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ ఓడలు ఎటు వెళ్తాయా అని చూశాను. ఎటూ వెళ్ళవు. లంగరు వేసి అక్కడే ఉంటాయి. గోవాలో 1976 నాటి జూద నిరోధక చట్టాన్ని 1992లో సవరించి అయిదు నక్షత్రాల హోటళ్ళలో యంత్రాల మీద ఆటలకి అనుమతిచ్చారు, 1996లో నీళ్ళ మీద ఓడల్లో బల్లలు వేసి ఆడించడానికి ఒప్పుకున్నారు. ఒడ్డున డీలరు చేత్తో ముక్కలు పంచకూడదు. నీళ్ళమీదైతే పంచొచ్చు. చట్టం అలా ఉన్నాక ఓడ కదలడం దేనికి?

చిన్న లాంచీ ఎక్కించి ఓడలోకి తీసుకెళ్ళారు. టికెట్టులోనే భోజనం, కాసిని చిప్స్. నోట్లు పెట్టి ఆడనివ్వరు, చిప్స్ అనే ఈ ప్లాస్టిక్ బిళ్ళలే. లోపల నాలుగు బల్లలు దాటేసరికి తెలుగు వినిపించింది. అందర్ బాహర్ బల్ల. మావాడికి ప్రాణం లేచొచ్చింది.

"మావయ్యా, ఇది మన లోపలా బయటే! చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఆటేగా."

"ఆటదే గానీ రేటు చూడరా," అన్నాను. "లోపల మీద వంద గెలిస్తే ఎంతిస్తాడో అక్కడ రాసుంది."

"తొంభై. బయట మీద గెలిస్తే వంద. మరి ఆ పది ఎందుకు కొట్టేశాడు?"

మంచి ప్రశ్న. నడిమధ్య ఒక ముక్క తెరిచి, దానికి జత పడేదాకా లోపలికొకటి బయటికొకటి పంచుతారు. మొదటి ముక్క లోపలికి వెళ్తుంది కాబట్టి లోపల గెలిచే అవకాశం వందకి 51.5, బయటికి 48.5. సరిసమానంగా చెల్లిస్తే లోపల కాసేవాడికే లాభం, ఓడ మునుగుతుంది. అందుకని అటు పది రూపాయలు కోశారు. ఇప్పుడు వందసార్లు వందేసి లోపల కాస్తే సగటున 215 పోతాయి, బయట కాస్తే 300. ఎటు కూర్చున్నా ఓడ మీద కూర్చున్నట్టే. ఇదంతా నేను చెప్పే లోపు డీలరమ్మాయి మూడు ఆటలు పూర్తి చేసింది. మావాడు అందులో రెండు గెలిచి, "లెక్కలకేం గానీ మావయ్యా, చెయ్యి బాగుంది" అన్నాడు. నేను భోజనాల వైపు వెళ్ళాను. చేపల వేపుడు బాగానే ఉంది, పులస తిన్న నోటికి ఆనలేదు.

భోజనం ఉచితం కాదని చెప్పనక్కర్లేదు. పెద్దగా ఆడేవాళ్ళకైతే గది, విమానం టికెట్టు కూడా ఇస్తారు. అది దాతృత్వం కాదు, ముహూర్తం చూసి ఇచ్చేదీ కాదు. మీరు సగటున ఎంత కాస్తున్నారు, గంటకి ఎన్నిసార్లు, ఎన్ని గంటలు, ఆ ఆటలో కోత ఎంత, ఈ నాలుగూ గుణిస్తారు. ఇందాకటి ఇరవై వేల మనిషి విలువ 2,700. అందులో ఒక భాగం వెనక్కి ఇస్తారు. ఆ రాత్రి మీరు గెలిచారా ఓడారా అన్నది ఈ గుణకారంలో లేదు. గెలిచి వెళ్ళినవాడికి మరుసటి నెల ఫోను చేసి గది ఉచితం అంటారు. ఆ పది రాత్రుల లెక్క వాళ్ళకి తెలుసు కదా.

పెద్ద ఆటగాళ్ళని తెచ్చేది ఏజెంట్లు. గుంపుని పోగుచేసి, విమానం ఎక్కించి, కావాలంటే అప్పిచ్చి, ఆడినంత సొమ్ము మీద నూటికి ఇంతని క్యాసినో దగ్గర తీసుకుంటారు. అప్పు వసూలు కూడా వాళ్ళదే, అసలు ప్రమాదం అక్కడుంది. మకావు పెరిగింది ఈ ఏజెంట్ల మీదే. 2006లో ఆదాయంలో లాస్ వేగస్ ప్రధాన వీధిని దాటేసింది. అక్కడ అందరికంటే పెద్ద ఏజెంటు ఆల్విన్ చౌకి 2023 జనవరిలో 18 ఏళ్ళ జైలు పడింది. మన దగ్గరా ఈ వాసన తగలకపోలేదు. 2022 సంక్రాంతికి గుడివాడలో క్యాసినో నడిపారన్న ఆరోపణ రాష్ట్రమంతా దుమారం రేపింది. అలాంటిదేమీ లేదని ఆరోపణ ఎదుర్కొన్నవాళ్ళు కొట్టిపారేశారు. ఆ ఏడాది జులైలో నేపాల్ క్యాసినోలకి మనుషుల్ని తీసుకెళ్ళిన వ్యవహారంలో హైదరాబాద్‌లో ఈడీ సోదాలు జరిగాయి. 2023 మేలో థాయిలాండ్‌లోని పట్టాయాలో ఒక హోటల్ మీద అక్కడి పోలీసులు దాడి చేస్తే ఎనభై మందికి పైగా భారతీయులు దొరికారు, అందులో తెలుగువాళ్ళున్నారు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. నేపాల్ క్యాసినోల్లోకి నేపాలీలకి ప్రవేశం లేదు. మొనాకో పౌరులు మాంటెకార్లోలో ఆడకూడదు. దక్షిణ కొరియాలో ఒక్క క్యాసినోలో తప్ప మిగతా అన్నింట్లో కొరియన్లకి తలుపు మూసే ఉంటుంది. సింగపూర్‌లో ఊరివాళ్ళు లోపలికి వెళ్ళాలంటే రోజుకి 150 సింగపూర్ డాలర్లు కట్టాలి, బయటి దేశంవాళ్ళకి ఏమీ లేదు. గోవా ప్రభుత్వం 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవావాళ్ళని ఓడలెక్కనివ్వబోమంది. క్యాసినో తలుపులు తెరిచిన ప్రభుత్వాలకి ఈ లెక్క ఎంత బాగా అర్థమైందో చూడండి.

మన చట్టానికీ అర్థమైంది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టంలో జూదగృహం అంటే ఏమిటో చెప్పేటప్పుడు, ఆడేవాడి నష్టం దగ్గర కాదు, ఇంటివాడి లాభం దగ్గర గీత గీశారు. ఆటకి చోటిచ్చి దాని మీద లాభం తీసేవాడు ఉన్నాడా అన్నది మూలం. అంతకు ముందే 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, పేర్చుకోవాలి, ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నేర్పుకి సంబంధించిన ఆట అని కోర్టు చెప్పింది. ఆ ముక్క పట్టుకుని మన జిల్లాల్లో ఎన్ని క్లబ్బులు లేచాయో! నిజమే, పదమూడు ముక్కలాటలో నేర్పుంది. కానీ నేర్పు బల్ల చుట్టూ ఉన్న ఆరుగురి మధ్య. ఆటకింత అని తీసే క్లబ్బు ముందు నేర్పరీ ఒకటే, మొద్దూ ఒకటే. ఫోనుల్లో రమ్మీ వచ్చాక ఆ కోత రాత్రింబవళ్ళు నడిచింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని ఆపేస్తూ చట్టం చేసింది. ఆ మరుసటి నెల, సెప్టెంబరు 22 నుంచి, క్యాసినోల మీద జీఎస్టీ నూటికి 28 నుంచి 40కి పెరిగింది. అంటే సంచి పట్టుకున్నవాళ్ళు ఇప్పుడు ఇద్దరు.

తిరిగొస్తూ రైల్లో మావాడు అడిగాడు. "అయితే క్యాసినో అనేది ఎప్పటికీ నష్టపోదా మావయ్యా?"

నష్టపోతుంది. అమెరికాలో అట్లాంటిక్ సిటీ అని సముద్రం ఒడ్డున ఊరుంది. 2006లో అక్కడి క్యాసినోల ఆదాయం 520 కోట్ల డాలర్లు. 2012లో 240 కోట్ల డాలర్లు పోసి రెవెల్ అని ఆకాశమంత భవనం కట్టారు. 2014 సెప్టెంబరులో తలుపులు మూశారు. ఆ ఒక్క ఏడాదే ఆ ఊళ్ళో నాలుగు క్యాసినోలు మూతపడ్డాయి. ఆటగాడెవడో కొల్లగొట్టుకుపోయి కాదు. బల్లల మీద లెక్క చివరి రోజు దాకా సరిగ్గానే నడిచింది. పక్కనున్న పెన్సిల్వేనియాలో కొత్త క్యాసినోలు తెరిచేసరికి జనం అటు పోయారు, ఇక్కడ అప్పుకి వడ్డీ కట్టడానికి కూడా చాల్లేదు. సంతకి గంపలు రావడం మానేస్తే ఆశీలు పాడుకున్నవాడి గతి ఏమిటో అదే జరిగింది.